సాధు సుందరసింగు పాశ్చాత్య యాత్ర



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయములో కూర్చుండి, ఊరి పొలిమేర దాటకయే లోకమును చూచివచ్చినవారు పెక్కుమంది కలరు. ఈ రజతోత్సవ సమయమున, నిజముగా సముద్రములు దాటి లోకమును చూచివచ్చిన యొక భారతీయుని యాత్రను స్మరించుట ఉచితముగ నుండును. ఆయన ధనార్జనమునకు పోలేదు, పట్టములకొఱకును పోలేదు. క్రీస్తుబోధను వినిపించుటకై క్రైస్తవదేశములకే పోయెను. ఆయనయే సాధు సుందరసింగు. ఆ యాత్ర జరిగిన సంవత్సరము 1920.

ఇందలి వింత యేమో ముందుగా గ్రహింపవలెను. ఓడలు పడమటినుండి తూర్పునకు బోధకులను తెచ్చుట అందఱెఱిగినదే. 1793లో విలియం కేరీ బంగాళమునకు వచ్చెను. 1805లో లండను మిషనువారు విశాఖపట్టణమునకు వచ్చి, సువార్తలను తెనిగించుటకు పూనుకొనిరి. 1840లో అమెరికను బాప్తిస్టు బోధకుడు శామ్యూల్ డే నెల్లూరున నిలిచెను. చెప్పువారు వారు, వినువారు మనవారు. సుందరసింగు ఈ వరుసను తలక్రిందు చేసెను.

అంతకుముందు 1893లో వివేకానందస్వామి చికాగో నగరమునకు పోయి హిందూధర్మమును వినిపించియుండెను. కాని అచ్చటివారికి ఆ బోధ క్రొత్తది. సుందరసింగు చెప్పబోయినది వారి యింటిలోనే, వారి చేతిలోనే యున్న గ్రంథమును గూర్చి. తెలియనివానికి చెప్పుట సులభము. తెలిసినదనుకొనువానికి చెప్పుట కష్టము. పెరటిచెట్టు మందునకు పనికిరాదని మనవారు చెప్పు సామెత అన్ని దేశములకును చెల్లును. ఆ పెరటిచెట్టు గుణమునే పెరటివారికి తెలుపుటకు దూరదేశీయుడు పోవలసివచ్చెను.

సుందరసింగు 1889 సెప్టెంబరు 3వ తేదీన పంజాబు దేశమున, పటియాలా సంస్థానమునందలి రాంపూరు గ్రామములో, కలిగిన సిక్కు కుటుంబమున జన్మించెను. తల్లి భక్తురాలు, కుమారుడు సాధువు కావలెనని ఆమె కోరిక. పదునాలుగవయేట తల్లి మరణించెను. ఆ దుఃఖమున బాలుని మనస్సు కఠినమాయెను. మిషను బడిలో క్రైస్తవులపై పగబూని, వారి గ్రంథమును బహిరంగముగ తగులబెట్టెను. ఆ దినములలోనే, 1904 డిసెంబరులో, ప్రార్థనవేళ క్రీస్తు తనకు దర్శనమిచ్చెనని ఆయన జీవితాంతమును చెప్పుచుండెను. ఇంటివారు వెలివేసిరి. 1905లో, పదునారవ జన్మదినమున, సిమ్లాలో బాప్తిస్మము పొంది, కొన్ని వారములకే కాషాయవస్త్రము ధరించి, డబ్బు చేతపట్టక, కాలినడకను బయలుదేరెను. కొంతకాలము లాహోరులోని వేదాంత కళాశాలలో చదివెను గాని, ఒక్క సంఘపు కట్టుబాటులో నిలువక, బోధకుని అనుమతిపత్రమును తిరిగి యిచ్చివేసెను.

కాషాయమునకు కారణమును ఆయన యొక చిన్న కథతో చెప్పెడివాడు. రైలు స్టేషనులో ఒక బ్రాహ్మణుడు దప్పిచే సొమ్మసిల్లెనట. పరుల గిన్నెలో నీరు తెచ్చి యియ్యగా త్రాగనొల్లడాయెను. ఆ నీటినే ఆయన సొంత పాత్రలో పోసి యియ్యగా సంతోషముతో త్రాగెను. భారతదేశమునకు క్రీస్తుబోధను భారతీయుల పాత్రలోనే అందింపవలెనని ఆ కథకు తాత్పర్యము.

అట్టివాడు పాశ్చాత్యదేశములకు పోనేల? క్రైస్తవమతము దాని సొంతదేశములలోనే చచ్చిపోయినదని మనదేశమున పలువురు ఆయనతో వాదించుచుండిరి. అది నిజమో కాదో కన్నులార చూడవలెననియు, అచ్చటను తన సాక్ష్యము చెప్పవలెననియు ఆయనకు కోరిక కలిగెను. ప్రయాణపు ఖర్చు ఎవరిచ్చిరో వినదగిన సంగతి. వెలివేసిన తండ్రియే, షేర్‌సింగు, పదునాలుగు సంవత్సరముల తరువాత కుమారుని మార్గమునే అనుసరించి, ఆ ఓడ కేవును తానే చెల్లించెను. మిషను సంస్థలేవియు ఆయనను పంపలేదు.

కాలము సామాన్యమైనది కాదు. 1919 ఏప్రిల్ 13వ తేదీన అమృతసరమునందలి జలియన్‌వాలాబాగులో నిరాయుధులపై కాల్పులు జరిగినవి. పంజాబు గుండెలోని గాయము పచ్చిగనే యుండెను. పదినెలలు గడచునప్పటికి, 1920 ఫిబ్రవరిలో, ఒక పంజాబీ యువకుడు లివర్‌పూలు రేవున దిగెను. ఆయన యింకను విదేశములందుండగనే, ఆగస్టు 1వ తేదీన గాంధీమహాత్ముడు సహాయనిరాకరణమును ఆరంభించెను. స్వదేశమున క్రైస్తవుడైనవానిని దొరల పక్షమువాడని అనుమానించువారు కలరు. దొరల దేశమున భారతీయుని తక్కువవానిగ చూచువారు కలరు. ఈ రెంటి నడుమ నిలిచినవానికి ముఖస్తుతి యొక ఉచ్చు, ద్వేషము మఱియొక ఉచ్చు.

ఇంగ్లండులో ఆయన బర్మింగుహాము, ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి, లండను మొదలగు నగరములలో ప్రసంగించెను. లండనులో ఒక సభయందు కాంటర్బరీ ఆర్చిబిషప్పు మొదలుగ కొన్ని వందలమంది గురువులు కూర్చుండి వినిరి. స్కాట్లండు, ఐర్లండులకును, పారిసు నగరమునకును పోయెను. పిదప అట్లాంటికు దాటి న్యూయార్కు, చికాగోలు చూచి, దేశము అడ్డముగ ప్రయాణించి, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓడనెక్కి ఆస్ట్రేలియా చేరెను. సెప్టెంబరులో బొంబాయిలో దిగెను. జనవరిలో విడిచిన తీరమును తొమ్మిది నెలలలో, భూగోళమును చుట్టి, మరల చేరెనన్నమాట.

ఎక్కడను ఆయన వేషము మార్చలేదు. చలిదేశములందును అదే కాషాయము; తలపై తలపాగా; నల్లని గడ్డము. ఒక యింటి తలుపు తట్టగా, పనిపిల్ల చూచి, క్రీస్తే వచ్చెనని యజమానురాలితో చెప్పెనని జీవితచరిత్రకారులు వ్రాసిరి. జనులు విరగబడి వచ్చిరి. ఆయన ఆంగ్లము పండితుల ఆంగ్లము కాదు. సిద్ధము చేసికొన్న ఉపన్యాసమును కాదు. కొండలు, నదులు, పక్షులు, బాటసారులు — ఇట్టి దృష్టాంతములతోనే చెప్పెడివాడు. మన పల్లెలలో హరికథకుడు పిట్టకథ చెప్పినట్లు విద్వాంసులకును చెప్పెను. వారును విని తలలూచిరి.

ఇంతమంది పొగడునప్పుడు తిరిగి పొగడుట లోకమర్యాద. ఆయన అట్లు చేయలేదు. దూరపు కొండలు నునుపన్నట్లు, స్వదేశమున మిషనరీలను చూచి, ఆ దేశములవారందఱును అట్టివారే యని ఆయన తలచియుండెను. తీరా చూడగా ధనము, వేగము, వినోదము మిక్కుటముగ కానవచ్చినవి. ప్రార్థనకు తీరిక మాత్రము కానరాలేదు. నిజమైన భక్తులు కొందఱున్నారని ఒప్పుకొనుచునే, తక్కినదియు దాచక చెప్పెను. హిమాలయములలో ఏటి యొడ్డున కూర్చుండి, నీటిలోనుండి యొక గుండ్రాయిని తీసి పగులగొట్టగా, లోపల పొడిగ నుండెనట. ఎన్ని యేండ్లు నీటిలోనున్నను నీరు లోనికి పోలేదు. అట్లే శతాబ్దములుగ క్రీస్తుబోధలో మునిగియున్నను, ఆ బోధ హృదయములోనికి ఇంకలేదని ఆయన చెప్పెను. తప్పు నీటిది కాదు, రాతిది. యుద్ధము ముగిసి రెండేండ్లయినను నిండని కాలమది. క్రైస్తవులు క్రైస్తవులనే లక్షలుగ చంపుకొన్న యూరపునకు ఈ మాట ఎంత సూటిగ తగిలియుండునో ఊహింపవచ్చును.

ఈ తీర్పులో లోపము లేదనరాదు. తొమ్మిది నెలలలో ఇన్ని దేశములు చూచుట రైలు కిటికీనుండి పొలములు చూచుటవంటిది. పైరు పచ్చదనము తెలియును. రైతు కష్టము తెలియదు. ఆయన చూచినవి మహానగరములు, సభామందిరములు. గనులలో పనిచేయు కూలీల గుడిసెలను ఎంతగ చూచెనో చెప్పుట కష్టము. తూర్పున భక్తియు పడమట భోగమును అని గీతగీసి విభజించుటయు సరికాదు. ధనాశకు దిక్కులు లేవు. అయినను ఆ యాత్ర విలువ ఇతరులకు చెప్పిన తీర్పునందు లేదు. ఎక్కిన అందలములు తన్ను మార్చకుండ నిలుపుకొన్న తీరునందున్నది.

తిరిగివచ్చిన తరువాత ఆయన మఠము స్థాపింపలేదు, శిష్యులను చేర్చుకొనలేదు. 1921లో ఆక్స్‌ఫర్డు పండితుడు స్ట్రీటరు, భారతీయుడైన ఎ. జె. అప్పాసామి కలసి ఆయనను గూర్చి యొక గ్రంథము వెలువరించిరి. 1922లో మఱియొకమారు యూరపు పోయి, పాలస్తీనా, స్విట్జర్లండు, జర్మనీ, స్వీడను మొదలగు దేశములు చూచెను. కీర్తి వచ్చిన త్రోవనే సందేహమును వచ్చెను. టిబెట్టులో తనకు జరిగినవని ఆయన చెప్పిన అద్భుతసంఘటనలకు సాక్ష్యమేదని యూరపు పండితులు వాదమునకు దిగిరి. జ్యూరికు నగరపు ఆస్కారు ఫిస్టరు ప్రతికూలముగను, జర్మనీ పండితుడు ఫ్రెడరికు హైలరు అనుకూలముగను గ్రంథములు వ్రాసిరి. ఆ కథలలో కొన్నింటికి నిదర్శనము చూపలేదన్నది నిజము. విమర్శను కప్పిపుచ్చిన మహనీయుని చరిత్ర సగము చరిత్రయే గావున, ఇదియు చెప్పదగినదే.

ఆరోగ్యము చెడినను, చూపు మందగించినను, 1929 ఏప్రిలులో సిమ్లా కొండలలోని సబాతూ నుండి టిబెట్టునకు బయలుదేరెను. మరల తిరిగిరాలేదు. లండనులో గౌరవముతో నిలిచిపోగల మనుష్యుడు మంచుకొండల దారినే కోరుకొనెను. నలువదియేండ్లు నిండకమునుపే ఆయన జాడ తెలియకుండ పోయెను.

సోదరులారా! ఈ గ్రంథాలయములో హిందువులు, మహమ్మదీయులు, క్రైస్తవులు ఒకే బల్లపై చదువుదురు. ఈ చరిత్రలో ఎవరి మతము గొప్పదను ప్రశ్న వెదుకనక్కఱలేదు. ఇతరులకు బోధింపబోవువాడు ముందు తన లోపలి రాయిని పగులగొట్టి చూచుకొనవలెనన్నది అందఱకును చెల్లు మాట. ఇరువదియైదేండ్లుగా ఈ యూరిలో గ్రంథములను ఏటినీరు పారుచున్నది. ఎన్ని పుస్తకములు తీసికొనిపోయిరో లెక్క చిట్టాలో నుండును. ఎన్ని మాటలు లోనికింకెనో ఏ చిట్టాయు చెప్పదు; పొరుగువానితో మెలగు తీరు మాత్రమే చెప్పును. కలహము వచ్చినప్పుడు సత్యమును పలుకుట, పొగడ్త వచ్చినప్పుడు నిలదొక్కుకొనుట, పరదేశమున నున్నను తనవారిని మఱువకుండుట — ఇవి చదువు లోనికింకినదనుటకు గుర్తులు.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును గూడ జరుపుకొనుగాక! ఇచ్చటి పాఠకులు ఎన్ని దేశములకు పోయినను, తడిసిన మనస్సులతో పోవుదురుగాక!