చిన్న బృందానికీ చిట్టా కావాలి

తెనాలిలో దుకాణాల లెక్కలకు సాఫ్ట్‌వేర్ రాసే నలుగురైనా, బాపట్ల ఇంజనీరింగ్ విద్యార్థులైనా, రేపల్లెలో ఇంటి నుంచి పనిచేసేవారైనా, ప్రోగ్రాములో తప్పుల్ని వాట్సాప్‌లో చెప్పుకుంటే వారం తిరక్కుండానే అవి మరుగున పడతాయి. 1998లో మొజిల్లా విడుదల చేసిన బగ్‌జిల్లా, 2006లో వచ్చిన రెడ్‌మైన్ అనే సాఫ్ట్‌వేర్లు అలా కాకుండా తప్పుల చిట్టా ఉంచడానికే: ఒక్కో సమస్యకు ఒక నంబరు, ఒక బాధ్యుడు, జరిగిన చర్చంతా ఒకేచోట. రెండూ ఓపెన్‌సోర్స్, లైసెన్సు రుసుము లేదు.

నలుగురికి ఇంత తతంగమా అంటారు. ఆ నలుగురిలో ఒకరు హైదరాబాదులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతే, పనిలో నాలుగోవంతు జ్ఞాపకం ఆయనతోనే పోతుంది. నిజమే, ఉచితమంటే ఖర్చు లేదని కాదు. సర్వరు, బ్యాకప్, అప్‌డేట్లు ఒకరు చూసుకోవాల్సిందే. అందుకే హంగులు పక్కనపెట్టి కొత్తది, జరుగుతున్నది, అయిపోయింది అన్న మూడు దశలతో మొదలుపెట్టండి. ఫోన్లో వచ్చిన ఫిర్యాదుకైనా సరే, ముందు నంబరు వేశాకే పని చేపట్టండి.