యెనిచెరి: పేరును పొయ్యియు



ఇంగ్లీషు చరిత్రకారులు జానిసరీలని వ్రాయు ఉస్మానీ తురుష్కుల పదాతిదళమునకు స్వదేశమున యెనిచెరి యని పేరు. యెని యనగా క్రొత్త, చెరి యనగా సైన్యము. హాజీ బెక్తాష్ అను సూఫీ గురువు తన అంగీచేతిని ఒక సైనికుని తలపై నుంచి ఈ పేరిడెననియు, వెనుకకు వ్రేలాడు వారి తెల్లని టోపీ ఆ అంగీచేతికి గుర్తనియు ఐతిహ్యము కలదు. కాని ఆయన పదమూడవ శతాబ్దివాడు. ఈ దళము పదునాలుగవ శతాబ్దమున, మొదటి మురాదు సుల్తాను నాట రూపొందినదందురు. భక్తులకు కాలగణనము అడ్డు కాలేదు.

యుద్ధమున చిక్కిన బందీలలో ఐదవ వంతు సుల్తానునకు చెందవలెనను నియమమువలన మొదట ఈ దళమునకు మనుష్యులు దొరకిరి. పిదప బాల్కను గ్రామములలోని క్రైస్తవ కుటుంబములనుండి బాలురను ఏరితెచ్చి, మతము మార్చి, తురుష్క కృషీవలుల ఇండ్లలో భాషయు ఆచారమును నేర్పి, శిబిరములకు చేర్చు దెవ్షిర్మె పద్ధతి ఏర్పడెను. తల్లి ఒడినుండి బిడ్డను లాగికొనిన ఆ క్రౌర్యమును ఏ వైభవమును కప్పజాలదు. అయినను సులేమానియా మసీదును నిర్మించిన సినాను ఆ బాలురలో నొకడై, యెనిచెరిగా దండయాత్రలు చేసినవాడే.

యెనిచెరి యనునది లోకమున చెల్లిన పేరు. వారు తమలో తాము వాడుకొనిన పేర్లు వేరు, నాకవియే రుచించును. దళమునకు ఒజాక్, అనగా పొయ్యి. అందలి ఒక్కొక్క పటాలపు నాయకునికి చోర్బాజీ, అనగా చారు కాచువాడు. ఆ చోర్బాయు మన హైదరాబాదు షోర్వాయు పారసీకమునుండి వచ్చినవే. వంటగుండిగ వారికి ధ్వజముతో సమానము. దానిని బోర్లించిరన్న నగరమున తిరుగుబాటు లేచినట్లే. ఎవరి ఉప్పు తిందురో వారికి కట్టుబడుట మనవారికిని తెలిసిన ధర్మమే. కాని అన్నమును నిరాకరించుటయే యుద్ధప్రకటనముగా నెంచిన సైన్యము అరుదు.

మొదట వారికుండిన వివాహ నిషేధము కాలక్రమమున సడలెను. కుమారులు తండ్రుల స్థానములకు వచ్చిరి. సైనికులు అంగళ్లు పెట్టిరి. జీతపు చీట్లు అమ్ముడుపోయెను. 1622లో రెండవ ఉస్మానును సింహాసనమునుండి త్రోసి చంపించిరి. ఐరోపా రీతిని నిజామి జదీదను నూతనసేనను కూర్చిన మూడవ సెలీమును 1807లో పదచ్యుతుని చేసిరి. క్రొత్త సైన్యమను పేరు మోయుచు క్రొత్త సైన్యమును ఓర్వలేకపోయిరి. ఇందు నాకు వింత తోచదు, మూడు తరములుగా అనుభవించిన జీతమును ఎవడు ఊరక విడుచును?

1826 జూనులో రెండవ మహమూదు ఆధునిక కవాతును ఆజ్ఞాపించెను. వారు ఇస్తాంబులులోని ఎత్ మైదానమున, అనగా తమకు మాంసము పంచబడు మాంసపుబయలున, గుండిగలు బోర్లించిరి. సుల్తాను శిబిరములపై ఫిరంగులు ప్రేల్పించెను, వేలమంది హతులైరి. రాజపక్షము దీనికి శుభసంఘటన మని పేరిడెను. యెనిచెరులు తమదిగా నెంచిన, హాజీ బెక్తాష్ పేరిటి బెక్తాషీ సంప్రదాయమును ఆ సంవత్సరమే నిషేధించిరి. దాని మఠములు కొన్ని కూల్చబడెను, కొన్ని నక్ష్‌బందీ సూఫీల వశమయ్యెను.