ఆకాశానికి గొడుగు పడతారట!



వాతావరణ మార్పు అనగానే శాస్త్రజ్ఞుల్ని పిలవడం మనకు అలవాటు. మీరు సోషియాలజీ మనిషిని పిలిచారు. కాబట్టి నేను వాయువుల గురించి తక్కువ, అధికారం గురించి ఎక్కువ మాట్లాడతాను.

అమెరికా సంగతే చూద్దాం. బొగ్గూ చమురూ మండించడం వల్ల భూమి వేడెక్కుతుందని ఎక్సాన్ కంపెనీ శాస్త్రజ్ఞుడు జేమ్స్ బ్లాక్ 1977లోనే తన యాజమాన్యానికి చెప్పాడు. యాజమాన్యం విన్నది. విని, శాస్త్రం ఇంకా తేలలేదని జనాన్ని నమ్మించడానికి ఏళ్ల తరబడి డబ్బు పోసింది. 1989లో చమురు, బొగ్గు, కార్ల కంపెనీలు కలిసి గ్లోబల్ క్లైమేట్ కొయలిషన్ పెట్టుకున్నాయి. పేరు వింటే మనలాంటి సంఘమే అనుకుంటాం! 2001లో బుష్ ప్రభుత్వం క్యోటో ఒప్పందాన్ని తోసిపుచ్చింది. అందుకు మీ సలహా కూడా ఒక కారణమని ఆ కూటమితో చెప్పాలంటూ విదేశాంగ శాఖలో రాసుకున్న కాగితాలు తర్వాత బయటపడ్డాయి.

ఫిలిప్ కూనీ అనే లాయరు పెట్రోలియం కంపెనీల సంస్థ నుంచి వైట్‌హౌస్ పర్యావరణ మండలికి వచ్చాడు. ప్రభుత్వ శాస్త్రజ్ఞుల నివేదికల్ని దిద్ది, అనుమానాలు చొప్పించాడు. 2005లో ఆ సంగతి పత్రికలకెక్కింది. రాజీనామా చేసి ఎక్సాన్‌మొబిల్‌లో చేరాడు. 2017లో ఆ కంపెనీ అధిపతిగా ఉన్న రెక్స్ టిల్లర్సనే ఏకంగా విదేశాంగ మంత్రి అయ్యాడు. దీన్ని ‘ప్రభావం’ అనడం చాలా మర్యాద. ఇంటివాళ్లెవరో, చుట్టాలెవరో తెలియని స్థితి ఇది.

ఈ టిల్లర్సన్ 2012లో, భూమి వేడెక్కడం నిజమేనని ఒప్పుకుంటూనే, అది ఇంజనీరింగ్ సమస్య అన్నాడు. గమనించండి, లేదని బుకాయించడం కుదరనప్పుడు యంత్రాన్ని చూపిస్తారు. టెక్సస్‌లో పెట్రా నోవా అనే ప్రాజెక్టు 2017లో మొదలైంది. బొగ్గు విద్యుత్ కేంద్రం పొగలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి, పైపుల్లో పంపి భూమిలోకి ఎక్కించారు. ఎక్కడికి? పాత చమురు బావుల్లోకి, అడుగున మిగిలిన చమురు పైకి రావడానికి! 2020లో చమురు ధర పడిపోగానే ఆపేశారు. 2023లో మళ్లీ తెరిచారు. ఇలాంటివాటికి పన్ను రాయితీ కూడా ఉంది. 2022 చట్టం ప్రకారం వాయువును ఊరికే పూడ్చిపెడితే టన్నుకు 85 డాలర్లు, చమురు తోడటానికి వాడితే 60. 2025లో ఆ తేడా కూడా తీసేసి రెండూ సమానం చేశారు.

ఇక గొడుగు సంగతి. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో అగ్నిపర్వతం పేలి, పైకెగిసిన గంధకం వల్ల భూమి కొన్నాళ్లు అర డిగ్రీ దాకా చల్లబడింది. ఆ పని మనమే చేద్దామంటున్నారు. అయితే ఆ మరుసటి సంవత్సరం ప్రపంచంలో నేల మీద వర్షపాతం కూడా తగ్గింది. మన రుతుపవనాలు నేలకూ సముద్రానికీ మధ్య వేడిలో ఉన్న తేడా మీద నడుస్తాయి. వానాధార సేద్యం చేసే మన ఆడవాళ్లకు ఆ తేడా అంటే ఏమిటో చెప్పాలా? పోనీ మొదలుపెట్టి ఆపేద్దామన్నా ప్రమాదమే, దాచిన వేడంతా ఒక్కసారి మీద పడుతుంది. హార్వర్డ్ వాళ్లు ఇటువంటి ప్రయోగానికి ముందు పరికరాల పరీక్ష కోసం 2021లో స్వీడన్‌లోని కిరునాను ఎంచుకున్నారు. తమనెవరూ అడగలేదని అక్కడి మూలవాసులు, సామీలు, అడ్డం తిరిగారు. పరీక్ష ఆగింది. 2024లో ప్రాజెక్టే మూతబడింది.

అడగకుండా చేసే ప్రయోగం మనకు కొత్త కాదు. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ ఇంజెక్షన్ కోసం ఆడవాళ్లను సమీకరించినప్పుడు, అది ప్రయోగమని వాళ్లకు చెప్పలేదు. స్త్రీ శక్తి సంఘటన వెళ్లి నిలదీసింది. 1986లో మరికొన్ని సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లింది. అప్పుడూ పేదరికానికి మందు సూదిలో ఉందన్నారు. భూమి, కూలి, చదువు మాట ఎత్తలేదు. ఇప్పుడూ బొగ్గు, చమురు తగ్గించే మాట ఎత్తకుండా ఆకాశానికి సూది పొడుస్తామంటున్నారు. శాస్త్రం మీద నాకు కోపం లేదు. వేడెక్కుతోందని మనకు చెప్పింది శాస్త్రమే కదా.

మన నీతి ఆయోగ్ కూడా 2022 నవంబరులో కర్బనాన్ని పట్టి పూడ్చే విధానం మీద నివేదిక విడుదల చేసింది. డబ్బెవరిది, పూడ్చేది ఎవరి ఊరి కింద, లీకైతే జవాబుదారీ ఎవరు అన్న మూడు ప్రశ్నలతో దాన్ని చదవాలి. ఇంగ్లీషులో లావుపాటి పుస్తకం అది. అధ్యాయాలు పంచుకుని, వచ్చే సమావేశానికి తెలుగులో సారాంశం రాసుకొద్దాం. మొదటిది నేను రాస్తాను.