సముద్రం మీద రోడ్డు పక్క అనేది ఉండదు
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వాళ్లు ఫోన్ చేసి "నీ పని గురించి పది నిమిషాలు మాట్లాడప్పా" అన్నారు. నా ముందు డాక్టర్లు, లాయర్లు, పెద్ద ఉద్యోగాలు చేసినవాళ్లు మాట్లాడారు. నేను విశాఖపట్నం చేపల రేవులో బోటు ఇంజన్లు బాగుచేసే మెకానిక్‌ని. "కర్నూలు వానికి సముద్రంతో ఏం పని?" అని అక్కడ చాలామంది అడుగుతారు. వాళ్లకు మన కె.సి. కెనాల్ కథ చెప్తాను. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కడప దాకా ఆ కాలువ తవ్వింది. పైర్లకు నీళ్లు ఇవ్వడానికే కాదు, పడవలు నడపడానికి కూడా. కంపెనీకి గిట్టుబాటు కాలేదు, 1882లో ప్రభుత్వం కొనేసింది. కాబట్టి పడవ మనకు మరీ కొత్తదేమీ కాదు!

నేను స్పానర్ పట్టింది మాత్రం ఇక్కడే, ఆయిల్ ఇంజన్ల దగ్గర. అన్ని బావులకూ కరెంటు రాని రోజులవి. ఉల్లిగడ్డ, బుడ్డలు వేసిన రైతు ఇంజన్ ఆగిపోతే ఎద్దులబండి మీద వేసుకొని షెడ్డుకు తెచ్చేవాడు. మా మేస్త్రీ ఇంజన్ మీద చెయ్యి వేయకముందే ఒక ప్రశ్న అడిగేవాడు: "మడికి నీళ్లు కట్టి ఎన్ని దినాలైంది? ఇంకెన్ని దినాలు ఆగుతాది?" రైతు చెప్పిన జవాబును బట్టి ఏ ఇంజన్ ముందు విప్పాలో తేల్చేవాడు. ముందొచ్చిన వానికి ముందు అనే లెక్క కాదు, ఎవరి పైరు ముందు ఎండుతుందో వానికి ముందు. కస్టమర్ సర్వీస్ అనే మాట ఆయనకు తెలియదు. నాకు తెలిసిన సర్వీస్ అంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

రేవులో నేను అదే ప్రశ్న వేరే రకంగా అడుగుతాను. "ఎన్ని రోజుల వేట? ఎంత దూరం? ఎంతమంది పోతున్నారు?" లారీ ఆగిపోతే రోడ్డు పక్కకు తోసి, చెట్టు కింద కూర్చోవచ్చు. సముద్రం మీద రోడ్డు పక్క అనేది ఉండదు. ఇంజన్ ఆగిన బోటును గాలి ఎటు తోస్తే అటు పోతుంది. తీరం నుంచి కొంతదూరం పోయాక సెల్‌ఫోన్ కూడా పలకదు.

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. మాకు మాత్రం అదే ఊపిరాడని కాలం. ఆగిన బోట్లన్నిటికీ ఆ రెండు నెలల్లోనే మరమ్మతులు. జూన్ 15 వచ్చేసరికి అందరూ ఒకేసారి బయల్దేరాలి. అప్పుడు మెకానిక్‌లు చేసే పెద్ద పాపం ఒకటుంది: అడిగిన ప్రతివాడికీ "అయిపోతుంది బాబూ" అనడం. కాదంటే గిరాకీ పోతుందని భయం. నా షెడ్డులో ఒక నల్లబల్ల ఉంది. ఏ బోటు ఏ తేదీకి ఇస్తానో దాని మీద రాస్తాను. నిండిపోతే "ఈసారి నా వల్ల కాదు, ఇంకొకరిని చూసుకో" అని ముందే చెప్పేస్తాను. కాదని మే నెలలో చెబితే ఆ మనిషికి ఇంకో దారి ఉంటుంది. జూన్ 14న చెబితే ఉండదు.

ఇంకొక సంగతి. మా పనిలో కస్టమర్ ఒకడు కాదు, ఇద్దరు. డబ్బులిచ్చేది యజమాని. ఆ ఇంజన్ మీద ప్రాణం పెట్టుకొని పోయేది సరంగు, అతని కళాసీలు. ఇద్దరికీ ఒకే మాట చెప్పాలి.

ఒక ఏడాది నిషేధం ముగిసే ముందు ఒక బోటు వచ్చింది. హీట్ ఎక్స్ఛేంజర్ గొట్టాలు తినేసి, ఇంజన్‌ను చల్లబరిచే మంచినీటిలో ఉప్పునీరు కలుస్తోంది. కొత్తది రావాలంటే నాలుగు రోజులు. "అతుకు వేసి పంపు, ఈ ఒక్క ట్రిప్పు అయ్యాక మారుద్దాం" అన్నాడు యజమాని. ఆయన బాధ అబద్ధం కాదు. రెండు నెలలు రాబడి లేదు, అప్పు ఉంది, నిషేధం ఎత్తేశాక మొదటి వేటలోనే నాలుగు డబ్బులు కనబడతాయి. నేను సరంగును కూడా పిలిచి ఇద్దరి ఎదుటా చెప్పాను: "ఇంజన్ స్టార్ట్ అవుతుంది, రేవు దాటుతుంది. వేడెక్కి ఎక్కడ ఆగుతుందో నేను చెప్పలేను." సరంగు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "బాబూ, ఎనిమిదిమందిమి. నాలుగు రోజులు ఆగుదాం" అన్నాడు.

ఆగారు. యజమాని తన రెండో బోటును ఆ ఏడే వేరే షెడ్డుకు మార్చేశాడు. ఇప్పటికీ ఎదురైతే ముఖం తిప్పుకుంటాడు. అతుకు వేసి పంపి ఉంటే ఆ బోటు తిరిగి వచ్చేదేమో, చెప్పలేను. మంచి సర్వీస్ చేస్తే గిరాకీ పెరుగుతుందని పుస్తకాల్లో రాస్తారు. కొన్నిసార్లు తగ్గుతుంది కూడా. తగ్గినా చేయవలసిందే అది.

మిగిలినవి చిన్న పద్ధతులు. తీసేసిన పాత సామాను గోనెసంచిలో వేసి యజమానికే ఇస్తాను, మార్చింది నిజమో కాదో ఆయనే చూసుకుంటాడు. బిల్లులో సామాను ఖర్చు వేరే, కూలి వేరే రాస్తాను. బోటు నీళ్లలోకి దిగాక షాఫ్ట్ వరస మళ్లీ సరిచూస్తాను. ఒడ్డు మీద సరిగ్గా ఉన్నది నీళ్లలో కొంచెం జరుగుతుంది. ట్రయల్‌కు నేనూ ఎక్కుతాను. సరంగుకు పొగ చదవడం నేర్పుతాను: నల్లపొగ అయితే డీజిల్ సరిగ్గా మండటం లేదు, లేదా ఇంజన్ మీద భారం ఎక్కువైంది, నీలిపొగ అయితే ఇంజన్ ఆయిల్ మండుతోంది, తెల్లపొగ ఆగకుండా వస్తుంటే లోపలికి నీరు చేరుతోందేమో చూడాలి. అంతా నేర్పితే నీ దగ్గరకు ఎవడొస్తాడు అంటారు కొందరు. చిన్న రోగాన్ని కనిపెట్టినవాడే ముందుగా వస్తాడు, తక్కువ ఖర్చుతో బయటపడతాడు.

పిల్లలూ, మీలో అందరూ ఇంజనీర్లు కాకపోవచ్చు. స్పానర్ పట్టినా, పెన్ను పట్టినా, మీ ముందుకొచ్చిన మనిషిని మా మేస్త్రీ అడిగిన ప్రశ్న అడగండి: "నీకు ఎన్ని దినాల టైముంది?" జవాబు విన్నాక, మీరు చేయగలిగింది ఎంతో ఉన్నదున్నట్టు చెప్పండి.

ఈ మాత్రం నలుగురి ముందు నిలబడి మాట్లాడే ధైర్యం ఇచ్చింది ఈ బడే.