వంటింట్లో సాసేజ్‌లు: ఏ మెషీన్ కొనాలి?

నేను షార్జాలో ఉంటాను. కంపెనీలకి ఏ సాఫ్ట్‌వేర్ కొనాలో, ఏది కొనకూడదో చెప్పడం నా ఉద్యోగం. ఈరోజు మాత్రం కీమా మెషీన్ గురించి మాట్లాడతాను. నవ్వకండి. ఉద్యోగంలో పదేళ్ళపాటు అందరికీ చెప్పిన జాగ్రత్తలన్నీ మరిచిపోయి, అట్టపెట్టె మీది బొమ్మ చూసి మెషీన్ కొన్నవాణ్ణి నేను.

ఇంతకీ సాసేజ్‌లతో నాకేం పని? కరీంనగర్‌లో బోటి కూర తిని పెరిగినవాడికి ఈ దొరల తిండి ఎందుకని మా అమ్మ కూడా ఫోన్లో అడిగింది. సంగతేమిటంటే, మా అబ్బాయికి 2022లో సీలియాక్ అని తేలింది. గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే గ్లూటెన్ పడదు. కొంచెం తగ్గించి తింటే సరిపోయే జబ్బు కాదిది, ఒక చపాతీ ముక్క కూడా లోపల పేగుని దెబ్బతీస్తుంది. బజార్లో దొరికే సాసేజ్‌లు చాలావాటిలో మాంసం పట్టుకుని ఉండటానికి గోధుమ రస్కు పొడో, బ్రెడ్డు పొడో కలుపుతారు. కలపనివీ ఉన్నాయి గానీ, వాటికోసం ప్రతిసారీ సీసా వెనక, ప్యాకెట్ వెనక చిన్న అక్షరాలు చదువుకుంటూ నిలబడాలి.

ఒక చలికాలం ముష్రిఫ్ పార్కుకి నాలుగు కుటుంబాలం కలిసి వెళ్ళాం. పిల్లలందరూ నిప్పుల దగ్గర సాసేజ్‌లు కాల్చుకుంటున్నారు. మావాడు స్టీలు డబ్బా తెరిచి ఉడకబెట్టిన గుడ్డు తింటున్నాడు. ఏడవలేదు, అడగలేదు. అడిగి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది. ఇంటికొస్తూ కార్లోనే నిర్ణయించుకున్నాను, ఇంట్లోనే చేద్దామని.

మొదట అనుకున్నది కీమా కొట్టించుకుని తెచ్చుకుందామని. దేరాలో 2017లో తెరిచిన వాటర్‌ఫ్రంట్ మార్కెట్లో మాంసం మంచిది దొరుకుతుంది. కానీ నేను ఎప్పుడూ వెళ్ళే చిన్న కొట్టులో అడిగితే అతను నిజాయితీగా చెప్పాడు, కబాబుల ముద్ద కూడా ఇదే మెషీన్లో ఆడతాం భాయ్, అందులో బ్రెడ్డు ఉంటుంది అని. అలా చెప్పినందుకు అతనికి ఎప్పటికీ కృతజ్ఞుణ్ణి. అంటే మెషీన్ మనదే కావాలి. అదీ కొత్తదే కావాలి. సెకండ్ హ్యాండులో చవగ్గా వస్తాయి, కానీ మర సందుల్లో, కత్తి వెనక ఎవరి బ్రెడ్డు పొడి ఉందో ఎవరికి తెలుసు?

ఇక్కడొక చిన్న విషయం చెప్పాలి. మా పక్క ఫ్లాట్‌లో ఒక గోవా ఆంటీ ఉన్నారు. వాళ్ళమ్మగారు గోవాలో ప్రతి ఎండాకాలం శోరీసు చేసేవారట, గరాటూ బొటనవేలూ తప్ప ఏ మెషీనూ లేకుండా. నా ప్రయత్నం తెలిసి తన కీమా మెషీన్ స్వయంగా పట్టుకొచ్చారు. అందులో ఆవిడ కట్‌లెట్ల ముద్ద ఆడతారు. మా ఆవిడ వద్దండీ అంది. పంది మాంసం గురించి అనుకుని ఆంటీ మొహం చిన్నబోయింది. మా ఆవిడ కూర్చోబెట్టి గోధుమ సంగతి వివరంగా చెప్పాక, మర్నాడు ఉట్టి చేతులతో వచ్చి, ఆ చేతులు మోచేతుల దాకా కడుక్కుని, ఏం చెయ్యాలో చెప్పండి అన్నారు. నాకు ఈ విద్య సగం నేర్పింది ఆవిడే.

సరే, మెషీన్. నేను కొన్న మొదటి దాని పెట్టె మీద 2000 వాట్లు అని రాసి ఉంది. అది మర బిగుసుకుపోయినప్పుడు మోటారు ఒక్క క్షణం లాగే కరెంటు లెక్క. మామూలుగా నడిచేటప్పుడు దాని శక్తి మూడు నాలుగు వందల వాట్లే. ఆ అంకె లోపలి కాగితంలో ఉంటుంది, కొనేముందు అదే అడగండి. ఇంటికి మూడు నాలుగు వందల వాట్లు చాలు కూడా. అసలు చూడాల్సింది ఆ మర, కత్తి, చిల్లుల బిళ్ళ ఏ లోహంతో చేశారన్నది. అల్యూమినియం అయితే డిష్‌వాషర్‌లో పెట్టగానే నల్లబడి చేతికి మసి అంటుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు కొంచెం ఖరీదైనా తీసుకోండి. బిళ్ళలు కనీసం రెండు ఉండాలి, ఒకటి 8 మిల్లీమీటర్లది, ఒకటి 4 లేక 5 మిల్లీమీటర్లది.

అమెరికాలో ఉన్న మా బావమరిది అక్కణ్ణుంచి ఒకటి పంపుతానన్నాడు. వద్దన్నాను. అక్కడ 120 వోల్టులు, ఇక్కడ మన దేశంలో లాగే 220 నుంచి 240. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుని కీమా ఆడటం మనవల్ల కాదు. ఇండియా నుంచి తెచ్చుకుంటే ప్లగ్గు మాత్రం మార్చుకోవాలి, ఇక్కడివి మూడు పలక పిన్నులవి.

చేతితో తిప్పే ఇనుప మెషీన్ కూడా ఉంది, బల్లకి బిగించేది. నెలకి ఒక కిలో చేసుకునే ఇంటికి అదే మేలని నా అభిప్రాయం. అయితే తగరం పూత పోతే తుప్పు పడుతుంది. కడిగిన వెంటనే తుడిచి ఆరబెట్టాలి. కొనేముందు మీ వంటగట్టు అంచు దాని బిగింపులో పడుతుందో లేదో కొలుచుకోండి. మా గ్రానైటు అంచు పట్టలేదు.

ఇహ నా మొదటి వాయి కథ. ఆగస్టు నెల. బయట 45 డిగ్రీలు. మా వంటింట్లోకి ఏసీ గాలి రాదు. మాంసం మెత్తగా గుజ్జులాగా వచ్చింది. వేయిస్తే కొవ్వంతా బయటికి కారిపోయి, లోపల రంపపు పొట్టు మిగిలింది. రెండు తప్పులు చేశాను. ఒకటి, కత్తి తిరగేసి పెట్టాను. నాలుగు రెక్కల కత్తికి ఒకవైపు చదునుగా ఉంటుంది, ఆ చదును చిల్లుల బిళ్ళకి ఆనాలి. తిరగేస్తే కొయ్యదు, నలుపుతుంది. రెండోది వేడి. మాంసం 4 డిగ్రీలు దాటకూడదు. దాటితే కొవ్వు కరిగి కండకి పూసుకుపోతుంది, పైగా క్రిములకి పండగ. ఇప్పుడు ముక్కలు కోసి పళ్ళెంలో పరిచి అంచులు గట్టిపడేదాకా ఫ్రీజర్లో పెడతాం. మర, కత్తి, బిళ్ళ కూడా అరగంట ఫ్రీజర్లోనే. అంచేత మెషీన్ కొనేటప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న ఇదీ: దీని తల భాగం ఊడి మన ఫ్రీజర్లో పడుతుందా?

నింపడం దగ్గర ఇంకో పాఠం. కీమా మెషీన్లతో పాటే ప్లాస్టిక్ గొట్టాలు ఇస్తారు, దాంతోనే నింపుకోవచ్చని. నేను ఒక కిలో నింపేసరికి గంటన్నర పట్టింది. ముద్ద మళ్ళీ మరలో నలిగి వేడెక్కింది, గాలి బుడగలొచ్చాయి, పేగు మూడుసార్లు పగిలింది. మా ఆవిడ మీద విసుక్కున్నాను కూడా, ఆవిడ తప్పేం లేదు. తర్వాత విడిగా స్టఫర్ కొన్నాం. స్టీలు గొట్టంలో ముద్ద వేసి, పక్కన పిడి తిప్పితే పైనుంచి పిస్టన్ దిగుతుంది. నిలువుగా ఉండేది, 3 లీటర్లది ఇంటికి సరిపోతుంది. పళ్ళ చక్రాలు ప్లాస్టిక్ కాకుండా లోహానివి కావాలి. పిస్టన్‌కి గాలి పోయే చిన్న కవాటం ఉండాలి. డబ్బులు ఒకదానికే ఉంటే స్టఫర్ మానేసి, కీమా మెషీన్ కొని, గోవా ఆంటీ వాళ్ళమ్మగారిలా గరాటుతో నింపండి. లేదా పేగే లేకుండా చేత్తో పొడుగ్గా ఒత్తి పెనం మీద కాల్చండి, కబాబులాగా. రుచికి లోటుండదు.

పై తొడుగుల సంగతి మనవాళ్ళు జాగ్రత్తగా వినాలి. కొలాజెన్ తొడుగులు వాడకం సులువు, కానీ అవి ఎక్కువగా గొడ్డు చర్మం నుంచి తీసినవి. హలాల్ ముద్ర ఉన్నంత మాత్రాన ఏ జంతువుదో తెలియదు. ఆవు ముట్టని ఇళ్ళవాళ్ళు అడిగి కొనుక్కోండి. మేం ఉప్పులో వేసిన గొర్రె పేగు వాడతాం. కడిగి గోరువెచ్చని నీళ్ళలో అరగంట నానబెట్టి, లోపలినుంచి నీళ్ళు పోనిచ్చి ఎక్కడ చిల్లుందో చూసుకోవాలి. దానికి సన్నటి గొట్టం కావాలి, సుమారు 10 నుంచి 12 మిల్లీమీటర్లది. స్టఫర్‌తో అది వస్తుందో లేదో ముందే చూడండి. ఈ పేగు ఫోటో పంపితే మా అమ్మ, "ఇది బోటే గదరా, దీనికింత ఆర్భాటమా" అంది.

ఇంకా రెండు చిన్నవి. గ్రాములు చూపే కాటా, ఎందుకంటే కిలో ముద్దకి ఉప్పు 16 నుంచి 18 గ్రాములు, చేతి అంచనా పనికిరాదు. ఇంకోటి గుచ్చి చూసే థర్మామీటర్. కోడి మాంసమైతే మధ్యలో 74 డిగ్రీలు రావాలి, మటనైతే 71. ఇవి మోటారు కన్నా ముఖ్యం. పచ్చి సాసేజ్‌లు ఫ్రిజ్‌లో రెండు రోజులకి మించి ఉంచం, మిగిలినవి ఫ్రీజర్‌కే. బాల్కనీలో ఎండబెట్టుకుందామన్న ఆలోచన మాత్రం మానుకోండి. బొటులిజం అన్న జబ్బు పేరే లాటిన్‌లో సాసేజ్‌ అనే మాటలోంచి పుట్టింది. ఎండబెట్టి నిలవ చెయ్యడం వేరే విద్య, దానికి నైట్రైట్ ఉప్పు కొలతలు తెలిసుండాలి. నాకు తెలిసిన పని కాదు.

అన్నట్టు, మా ఇంట్లో అన్నీ కొత్తవి కొన్నాక కూడా వాడికి ఒకసారి కడుపునొప్పి వచ్చింది. మెషీన్ మొత్తం విప్పి కడిగాం. తర్వాత మా ఆవిడ మసాలా డబ్బాలన్నీ బయటపెట్టి ఒక్కొక్కటే చదివింది. ముద్దలో చిటికెడు ఇంగువ వేసేవాళ్ళం. ఇంగువ డబ్బాల్లో చాలావాటిలో గోధుమ పిండి కలుస్తుంది! నొప్పికి అదే కారణమని ఒట్టేసి చెప్పలేను గానీ, ఆరోజే పారేశాం. ఇప్పుడు అల్లం, వెల్లుల్లి, మిరియాలు, ధనియాలు, కాసిని కరివేపాకులు. పిండి బదులు ఐసు నీళ్ళు పోసి, ముద్ద చేతికి అంటుకునేదాకా పిసుకుతాం.

మొన్న జనవరిలో మళ్ళీ ముష్రిఫ్ పార్కుకి వెళ్ళాం. మా నిప్పులు వేరు, మా పట్టకారు వేరు. మావాడు తనవి కాల్చుకుని, పక్కింటి పిల్లాడికి ఒకటిచ్చాడు. వాడు కారంగా ఉందని సగం వదిలేశాడు. అది కాస్తా ఆంటీ తినేశారు.

కొలతలు మళ్ళీ కావాలన్నవాళ్ళు కార్యక్రమానికి రాయండి, చెబుతాను.