వోటు వేయుటకు ఎన్ని దినములు కావలెను?



అమెరికాలో పెక్కు రాష్ట్రములందు పోలింగు దినమునకు వారముల ముందుగనే కేంద్రమునకు పోయి వోటు వేయవచ్చును. ఎన్నడు పోవలెనన్నది వోటరు ఇష్టము. మన దేశమున 2024 లోకసభ ఎన్నిక ఏప్రిల్ 19 నుండి జూన్ 1 వరకు, ఏడు దశలలో, 44 దినములు సాగినది. కాని పోలింగు కేంద్రమునకు పోవుటకు వోటరుకు లభించినది ఒక్క దినమే. ఈ రెండింటిని ఒకటిగా తలచరాదు.

మన ఆలస్యమునకు చరిత్ర కలదు. తొలి సార్వత్రిక ఎన్నిక 1951 అక్టోబరు 25న హిమాచల ప్రదేశములో ప్రారంభమై 1952 ఫిబ్రవరి వరకు జరిగినది. చలికాలపు మంచు దారులను మూసివేయునని చినీ తాలూకా వాసులచే ముందుగా వోటు వేయించినారు. ముందస్తు వోటునకు ఇంతకంటె సబబైన కారణము నాకు తోచదు. 1962 నాటికి పోలింగు ఒక వారములో ముగిసినది. నేటి దశలకు మంచు కారణము కాదు, బందోబస్తు. కేంద్ర బలగములను ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు తరలింపవలెను గదా!

దీనికి మనము చెల్లించు మూల్యము స్వల్పము కాదు. 1991 మే 20న తొలి దశ పోలింగు జరిగినది. మరునాటి రాత్రి శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హతులైరి. మిగిలిన పోలింగు జూను నడిమికి వాయిదాపడినది. తొలి దశలో వెనుకబడిన కాంగ్రెసు పిదప బలము పుంజుకొన్నది; ఆ ఎన్నిక పిమ్మటనే మన పి.వి. నరసింహారావుగారు ప్రధానులైరి. ఫలితము మంచిదా చెడ్డదా అన్నది నేటి విచారణ కాదు. ఒకే ఎన్నికలో కొందరు ఆ దారుణమునకు ముందును, కొందరు తరువాతను తీర్పు చెప్పిరి. వేసిన వోటును వెనుకకు తీసికొను దారి లేదు.

2019లో ఆంధ్ర ప్రదేశమున ఏప్రిల్ 11న పోలింగు, మే 23న లెక్కింపు! నలుబది రెండు దినములు యంత్రములకు కాపలా. ధనికుడైన అభ్యర్థి తన మనుషులను అచ్చట కూర్చుండబెట్టగలడు. స్వతంత్రునిగా నిలిచిన బడిపంతులు ఎవరిని కూర్చుండబెట్టగలడు? ప్రవర్తనా నియమావళి అమలులోనున్న వారములలో మన ఫైళ్ల గతి ఏమగునో ఈ సభకు నేను చెప్పనక్కరలేదు.

అయినను ఒక్క దినముననే అందరును రావలెననుట కఠినము. 2024 మే 13 సోమవారమునాడు వోటునకై హైదరాబాదునుండి ఆంధ్రకు తరలిన జనముతో బస్సులు, రైళ్లు క్రిక్కిరిసినవి. దూరదేశమునుండి రావలసిన కూలికి వోటనగా రానుపోను ఖర్చు, పోయిన కూలి. ఎన్నికల విధులలోనున్న ఉద్యోగులకు ముందుగా వోటు వేయు వసతి కలదు. ఎనుబదియైదేండ్లు దాటినవారికిని, తీవ్ర వైకల్యము గలవారికిని ఇంటివద్దనే వోటు వేయు అవకాశము 2024లో కల్పించినారు. ఆ వసతిని రోగులకు, వలస కూలీలకు రెండు మూడు దినములపాటు విస్తరింపవచ్చును. అందరికిని వారములకొలది తెరచుటకు మాత్రము నేను సమ్మతింపను. దేశమంతటి పోలింగును రెండు వారములలో ముగించుట అంతకంటె మేలు.

ఇక మన సంగతి. బదిలీపై ఢిల్లీకి వచ్చి, ఊరి జాబితాలోనే పేరుంచుకొని, ఊరికి పోలేక, ఇచ్చట వేయలేక కూర్చున్నవారు ఈ హాలులోనే పలువురున్నారు. చిరునామా మార్పునకు 8వ నంబరు ఫారము చాలును. ఎన్నికల ప్రకటన వెలువడువరకు వేచియుండనక్కరలేదు.