చేయని తప్పుకి ‘ఎవిక్షన్’ రికార్డు: ఇల్లెలా దొరికింది?

బడంగ్‌పేట్‌లో నేను ఇల్లు వెతికితే ఓనర్ అడిగింది ఒక్కటే: "పాత ఓనర్ నంబర్ ఇవ్వు." ఇక్కడ రికార్డంటే అంతే. డాలస్‌లో మా బీటెక్ ఫ్రెండ్‌కి మాత్రం అపార్ట్‌మెంట్ ఇవ్వలేదు. స్క్రీనింగ్ రిపోర్ట్‌లో ఎవిక్షన్ కేసు ఉందట. వాడు అమెరికాలో దిగకముందు పడ్డ కేసు! పేరొకటే, మనిషి వేరు. మన రెడ్డిలు, కుమార్‌లు ఎంతమందో తెలుసుగా.

అక్కడ ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ యాక్ట్ అని 1970 నాటి చట్టం ఉంది. రిపోర్ట్ చూసి కాదంటే, అది ఏ కంపెనీదో చెప్పాల్సిందే. 60 రోజుల్లోపు అడిగితే కాపీ ఫ్రీ. తప్పని డిస్ప్యూట్ వేస్తే మామూలుగా 30 రోజుల్లో తేల్చాలి. వాడు పాస్‌పోర్ట్ స్టాంప్, కోర్టు కేసు కాపీ పెట్టాడు.

ఈలోగా ఇల్లు కావాలి కదా! అవే కాగితాలు ఇంకో లీజింగ్ ఆఫీసులో అప్లై చేసేముందే చూపించాడు. డిపాజిట్ కాస్త ఎక్కువ తీసుకుని తాళాలిచ్చారు. రికార్డు తర్వాత తీసేశారు. మొదటిచోట కట్టిన అప్లికేషన్ ఫీజు మాత్రం పోయినట్టే.